ఎర్నమ్మ తలుపు మీద నా పేరు

మొదటి కొమ్ము

ఈ ఏటికి మొదటి వేడి కొమ్ము ఇవాళ మోగింది. గోడా, రాసుకో. నేను వరహాలమ్మని. కొండకి ఏడో మెట్టు, తూర్పు వసారా, చివరి గదిలో అద్దెకుంటున్నాను. మా వసారాకి తోడుచెయ్యిని. కొమ్ము మోగిన రోజు ఏం జరిగిందో గోడకి చెప్పడం తోడుచెయ్యి పని కాబట్టి చెప్తున్నాను. నా మాటల్ని ఈ గోడ ఉతికి ఇస్త్రీ చేసి పుస్తకాల తెలుగులో దింపుతుందని నాకు తెలుసు. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తుందట. తిట్లు రాయదు. దాని ఖర్మ.

కొమ్ము మోగగానే తలుపులన్నీ బిగుసుకున్నాయి. కొండ కడుపులోంచి గొట్టాల్లో చల్లగాలి వచ్చింది. ఇక చల్లారు కొమ్ము మోగేదాకా ఏ తలుపూ లోపల్నించి తెరుచుకోదు. సముద్రం పైకొచ్చిన కొత్తలో, వేడికి బుర్ర తిరిగిన జనం తలుపు తీసుకుని ఎండలోకి నడిచిపోయి ఎక్కడివాళ్ళక్కడ పడిపోయేవారు. అందుకే ఈ ఏర్పాటు. లోపలివాళ్ళు ఎవరి పేరు చెప్పుకుంటే ఆ పేరు తలుపు మీద వెలుగుతుంది. ఆ మనిషి అరచెయ్యి ఆనిస్తేనే బయటనించి తెరుచుకుంటుంది. ఒక్కరైనా పేరు చెప్పుకున్న మనిషికి మాత్రం తన గది తలుపు తనకి తెరుచుకుంటుంది, వసారాలో తిరిగి అందర్నీ పలకరించాలి కాబట్టి. ఎవరూ పేరు చెప్పుకోని మనిషి గంప కింద కోడే.

మా వసారాలో అన్ని తలుపుల మీదా నా పేరే. గొప్పకి చెప్పడం లేదు. గొప్పకే చెప్తున్నాను, అయితే ఏం?

ఒక్కొక్క తలుపూ తట్టి, ఉన్నావా అంటే ఉన్నానని పలికారు. ఎర్నమ్మ పలకలేదు. చెయ్యి ఆనిస్తే ఆ తలుపు ఓ పట్టాన తీసుకోలేదు. మొండి తలుపు. అరచెయ్యి కొంగుకి తుడిచి, ఊది, మళ్ళీ మళ్ళీ ఆనిస్తే గానీ తెరుచుకోలేదు. ఇంటివాడు నాసిరకం తలుపులు కొన్నాడు, ఎవర్ననుకుని ఏం లాభం? లోపల చూస్తే ఆవిడగారు అప్పడాల కర్ర చేతిలో పట్టుకుని హాయిగా నిద్రపోతోంది. నేను తిడుతుంటే నా మొహం చూడకుండా నా చేతికేసి చూసింది. ఏం చూస్తున్నావే అన్నాను. ఏట్నేదంది.

ఎర్నమ్మా నేనూ ఒకే పడవలో ఈ కొండకి చేరాం. మా పేట మునిగిన రోజు పడవలో నీళ్ళు తోడి పోసిన సొట్ట గిన్నె ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కాబట్టి నేను చారు పోసి పంపితే ఆవిడ అప్పడాలు పెట్టి పంపుతుంది. ఇవాళ గంజి పోసి ఇచ్చి వచ్చాను.

రెండో కొమ్ము

నా పక్క గదిలోకి కుసుమ అని ఒకమ్మాయి అద్దెకి దిగింది. ముప్పయ్యేళ్ళుంటాయి. నీళ్ళ కొట్లో పని. ఇదివరకు ఉన్న మెట్టులో ఇంటివాడు సామాన్లు బయట పారేస్తే కొట్లాడి గెలిచిందట. అద్దెవాళ్ళ నియమాలన్నీ నోటికొచ్చు. రాముడి కథ చెప్పమంటే చెప్పలేదు గానీ ఇంటివాడు ఏ మరమ్మతు ఎన్నాళ్ళలో చేయించాలో మాత్రం గడగడా చెప్తుంది.

మెట్ల దగ్గర దీపం వెయ్యమని ఇంటివాడి మనిషి, పరదేశి అనేవాణ్ణి అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. చీకట్లో ఎవడు నిలబడ్డాడో కనపడక ఆడవాళ్ళం గుంపుగా దిగాల్సి వస్తోందని ఎన్నిసార్లు చెప్పానో. ఈ అమ్మాయి వచ్చిన వారంలోనే దీపం వెలిగింది. వసారా అంతా కుసుమ దీపం, కుసుమ దీపం అంటున్నారు. నేను వేసిన కేకలన్నీ గాలికి పోయాయి కాబోలు.

నాకు కుళ్ళుగా ఉంది. గోడా, కుళ్ళు అనే రాయి, దాని బదులు మంచి మాటేదీ వెయ్యకు.

ఇవాళ కొమ్ము మోగాక వసారాలోకి వస్తే మొదటి రెండు తలుపుల మీద నా పేరు లేదు. కుసుమ అని వెలుగుతోంది. ఆ అమ్మాయి కూడా బయటికొచ్చి ఆ తలుపులు తడుతోంది. నన్ను చూసి నవ్వింది. పక్క గది కదా, పని పంచుకుందామంది. పంచుకోవడానికి ఇదేమైనా బెల్లం ముక్కా? నేను ముందుకి నడిచాను.

మూడో కొమ్ము

చెప్పడానికి పెద్దగా లేదు. అన్ని తలుపుల మీదా కుసుమ. ఎర్నమ్మ తలుపు మీద ఒక్కచోటే నేను.

చల్లారు కొమ్ము మోగాక బయటికొస్తే అందరూ పాముని చూసినట్టు నన్ను చూసి గబగబా లోపలికి పోతున్నారు. ఎందుకు మార్చారని ఎదురుగది తాతని నిలదీస్తే, వయసులో ఉన్న పిల్ల కదమ్మా, గబగబా తిరుగుతుంది అన్నాడు. నేను తిరగనా? ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పుని ఇన్నేళ్ళుగా కొబ్బరి పీచూ బూడిదనీళ్ళూ పెట్టి గీకుతున్నది ఈ చేతులే. ఈ మెట్టు మీద దీపం వెలిగినా గాలి ఆడినా ఈ చేతుల చలవే. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి చేతికి పేరు, నా చేతికి చిప్ప.

ఎర్నమ్మ గదిలో చల్లగాలి గొట్టం పిల్లికూతలు కూస్తోంది. లోపల జల్లెడ మూసుకుపోయిందని నాకు చూడగానే తెలిసింది. పరదేశికి చెప్పాను. ఇంటాయనతో చెప్తానన్నాడు. వాడు ఎప్పుడూ చెప్తానంటాడు, ఇంటాయన ఎప్పుడూ వింటాడు, గొట్టం మాత్రం కూస్తూనే ఉంటుంది.

నాలుగో కొమ్ము

ఇవాళ నా తలుపు తెరుచుకోలేదు.

మామూలుగా కొమ్ము మోగాక పిడి తిప్పాను. కదల్లేదు. ముందు తలుపు పాడైందనుకున్నాను. తరవాత బుర్రకెక్కింది. నా పేరు చెప్పుకున్న మనిషి ఈ వసారాలో ఒక్కరూ లేరన్నమాట. ఎర్నమ్మ కూడా లేదన్నమాట.

పక్క గదిలోంచి ఎర్నమ్మ నవ్వు వినిపించింది. గొట్టం బాగయ్యేదాకా కొమ్ము వేళ ఒంటరిగా ఉండొద్దని కుసుమ ఆవిణ్ణి తన గదిలో కూర్చోబెట్టుకుంటోందట. నా గది లేదా? మూడడుగులు ఎక్కువ వేస్తే నా గది. గోడకి చెవి ఆనించి విన్నాను. సిగ్గులేదా అంటే లేదు. పడవ ఎక్కిన కథ చెప్తోంది, మా ఇద్దరి కథ, ఆ పిల్లకి.

నేను ఎర్నమ్మ పేరే చెప్పుకున్నాను కాబట్టి ఆవిడ వసారాలోకి రాగలదు. ఇద్దరూ కలిసి వచ్చి నా తలుపు తట్టారు. ఉన్నావా అని ఎర్నమ్మ అడిగింది. చచ్చానన్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

చల్లారు కొమ్ము మోగాక కుసుమ గది ముందు నుంచి వెళ్తూ లోపలికి చూశాను. పొయ్యి పక్కన సొట్ట గిన్నె. మా సొట్ట గిన్నె. దాని నిండా ఆ పిల్ల వండిన పులిహోర.

కొమ్ము లేని రోజు

కొమ్ము మోగని రోజు గోడకి చెప్పనక్కర్లేదు. అయినా రాసుకో.

ఎర్నమ్మ గదికి వెళ్ళి కడిగేశాను. నేనెంత మందిని ఆ తలుపుల్లోంచి లాక్కొచ్చి బతికించానో చెప్పాను. పడవలో నీళ్ళు ఎవరు తోడారని అడిగాను. పులిహోర బాగుందా అని కూడా అడిగాను. ఆవిడ అప్పడాలు ఒత్తుతూ అన్నీ విన్నది. అలా ఊరుకుంటే నాకు మరీ మంట. చివరికి ఏడుపొచ్చేసింది. నాకు తెలియకుండానే వచ్చేసింది. నా తలుపు నాకు తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసే, ఈ కొండమీద నేనెవరికీ అక్కర్లేదా అని అడిగాను.

ఎర్నమ్మ కర్ర కింద పెట్టింది. నూనె చేతులు తుడుచుకుంది. నా అరచెయ్యి తీసుకుని బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు కూర్చుంది.

"సరేలే. నీ పేరే పెట్టుకుంతాను. ఆ పిల్ల గదికి ఎల్లను. నీ గదికీ రాను, ఇద్దర్లో ఎవుర్నీ ఉసూరుమనిపించను. నా గదిలో నాను కూకుంతాను. సాలా?"

చాలన్నాను. గొట్టం సంగతి గుర్తుకొచ్చింది గానీ నోరెత్తలేదు. నాకు ఆ క్షణాన తలుపు మీద పేరు కావాలి, అంతే.

పేరు చెప్పుకునేవాళ్ళు ఒక ప్రశ్న కూడా తమ గొంతుతో తలుపుకి ఇచ్చి ఉంచాలి. తోడుచెయ్యి ఎప్పుడైనా ఇల్లు ఖాళీ చేసి పోతూ తన తలుపుల్ని వేరే మనిషికి అప్పగించాల్సి వస్తే, అప్పుడు తలుపు ఆ ప్రశ్న అడుగుతుంది. నన్ను బయటికి పొమ్మని ఎర్నమ్మ తలుపు చెవిలో ఏదో చెప్పింది. ఏం ప్రశ్న అని అడిగాను. ఖాళీ చేసినప్పుడు తెలుస్తుందిలే అంది.

బయటికొచ్చేసరికి తలుపు మీద నా పేరు వెలుగుతోంది. కుసుమ గదిలోంచి చూస్తోంది. నేను కావాలనే అక్కడ నిలబడి జడ ముడేసుకున్నాను.

ఐదో కొమ్ము

ఇవాళ్టిది పెద్ద కొమ్ము. మామూలుగా మోగేదానికి రెట్టింపు మోగింది. కొండ రాళ్ళు పేలిన చప్పుడు లోపలికి కూడా వినబడింది.

నా తలుపు తెరుచుకుంది. దర్జాగా వసారాలోకి వచ్చాను. కుసుమ తన తలుపులు తడుతోంది. నేను నా ఒక్క తలుపు దగ్గరికి వెళ్ళాను. గొట్టం పిల్లికూత వినపడలేదు. బాగుచేశారు కాబోలు అనుకున్నాను. ఉన్నావా అన్నాను. పలకలేదు. నిద్రపోయి ఉంటుందని గట్టిగా తట్టాను. తలుపు చేతికి వెచ్చగా తగిలింది.

అప్పుడు అర్థమైంది. గొట్టం కూత ఆగింది బాగయ్యి కాదు. నా తలుపు మీద ఆవిడ పేరే ఉంది కాబట్టి తన తలుపు తనకి తెరుచుకోవాలి, అయినా బయటికి రాలేదంటే లేచి పిడి తిప్పే ఓపిక లేదన్నమాట.

చెయ్యి ఆనించాను. తీసుకోలేదు. కొంగుకి తుడిచి ఆనించాను. ఊదాను. ఉమ్మి రాశాను. ఎర్నమ్మా, ఎర్నమ్మా అని అరుస్తూ ఆ తలుపుకి నా చెయ్యి ఎన్నిసార్లు వేసి కొట్టానో తెలియదు. కుసుమ పరుగెత్తుకొచ్చింది. తన చెయ్యి ఆనించింది. ఆ తలుపుకి ఆ చెయ్యి ఎవరిదో తెలియదు కదా, నేనే తీయించేశాను కదా. ఆ అమ్మాయి తన గదిలోంచి గోరువెచ్చని గంజి తెచ్చి నా చెయ్యి అందులో ముంచి, తుడిచి, ఆనించింది. తలుపు ఊరుకుంది. లోపల ఏదో కింద పడ్డ చప్పుడైంది.

కుసుమ నా అరచెయ్యి దీపం కిందకి తిప్పి చూసింది. నేనూ చూశాను. రోజూ కనిపించే చెయ్యే. ఎన్నడూ చూడలేదు. గీతలు లేవు. పీచు, బూడిద, ఉప్పు కలిసి మొత్తం తినేశాయి. నున్నగా ఉంది, వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళలాగా.

"వరాలప్పా, అప్పగించీ. ఇంక వేరే దారి నేదు."

అప్పగింతలు ఎలా చెయ్యాలో నాకు తెలుసు. నేనే ఎంతమందికో చేయించాను. ఆ మనిషి చేతి మీద నా చెయ్యి వేసి, తలుపుకి ఆనించి, ఆ మనిషి పేరు చెప్పి, తలుపు అడిగే ప్రశ్నకి బదులివ్వాలి. దానికి నా గీతలతో పని లేదు. ఇచ్చింది మళ్ళీ వేసవిదాకా వెనక్కి రాదు. నాకున్నది ఒక్క తలుపు. అదీ ఇచ్చేస్తే కొమ్ము మోగినప్పుడల్లా గంప కింద కోడినే.

దేవుడి తోడు, ఆలోచించాను. లోపల ఎర్నమ్మ ఉడికిపోతుంటే, ఒక్క ఊపిరి పీల్చేంతసేపు, ఈ పిల్లకా, ఈ పిల్లకే ఇవ్వాలా అని ఆలోచించాను. అదీ రాసుకో గోడా. తరవాత దాని చెయ్యి లాక్కుని తలుపుకి ఆనించి, మీద నా చెయ్యి వేసి, కుసుమ అని చెప్పాను.

తలుపు ఎర్నమ్మ గొంతుతో అడిగింది, నెమ్మదిగా, నవ్వుతున్నట్టు.

"మన గిన్నెకి సొట్ట ఎలాగ పడ్డాదే?"

"నేను నీ నెత్తిమీద కొట్టాను. నీళ్ళు తోడకుండా ఏడుస్తూ కూర్చున్నావని కొట్టాను."

తలుపు తెరుచుకుంది.

ఎర్నమ్మ గడప దగ్గరే పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని కుసుమ గదిలోకి చేర్చాం. చంకల్లో, మెడకింద, అరికాళ్ళకి తడిగుడ్డలు వేశాం. కుసుమ విసురుతుంటే నేను నీళ్ళు చిలకరించాను. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదంటే నేను పొయ్యబోయిన గ్లాసు పక్కన పెట్టాను. ఆ పిల్ల చెప్పినట్టల్లా చేశాను.

చల్లారు కొమ్ముకి ముందే కళ్ళు తెరిచింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో తాగింది. ముందు కుసుమని చూసింది, తరవాత నన్ను చూసింది. నా మొహం చూడకుండా నా చేతికేసి చూసింది.

"నీ సెయ్యి అరిగిపోనాదే, వరాలూ. నిరుడు కూడా నా తలుపు దగ్గర ఎంతసేపు కొట్టుకున్నావో నానెరుగుదును. నానే ఈ పిల్లని బతిమాలి అందరి తలుపుల మీదా పేరు మార్పించినాను."

నాతో చెప్పొచ్చు కదా అన్నాను.

"సెప్తే నువ్వు గది కాళీ సేసి ఎల్లిపోదువు. నీ సంగతి నాకు తెల్దేటి?"

అంతా తెలిసి మళ్ళీ నా పేరెందుకు పెట్టుకున్నావే అని అడిగాను. ఎర్నమ్మ కళ్ళు మూసుకుంది.

"నువ్వేడిసినావు గదా."

కొమ్ము లేని రోజులు

పరదేశి వచ్చి, ఇంటాయనతో చెప్తానన్నాడు. కుసుమ చేతులు కట్టుకుని ఒక నియమం చెప్పింది. గొట్టం పాడైన గదిలో అద్దెకున్న మనిషికి, అది బాగయ్యేదాకా ఇంటివాడు తన హాల్లో చోటివ్వాలట. నేను ఎర్నమ్మ చాప చంకలో పెట్టుకున్నాను. అప్పడాల పిండి, కర్ర, నూనె డబ్బా, సొట్ట గిన్నె, ఎర్నమ్మ, వెనక వసారా అంతా. ఇంటాయన హాల్లో మెత్తటి తివాచీ మీద చాప పరిచి అప్పడాలు ఆరబెట్టేసరికి ఆయన కళ్ళు తేలేశాడు. పొద్దుగూకేలోగా గొట్టం బాగైంది. మిగతా గదుల గొట్టాలు కూడా జల్లెడలు మార్పించి గానీ ఎర్నమ్మ చాప చుట్టలేదు. ఆ హాల్లో నేను వేసిన కేకలు ఈసారి గాలికి పోలేదని తాత అన్నాడు. అన్నాడా లేదా, గోడా? నువ్వక్కడ లేవులే.

తరవాత కుసుమ నా గదికి వచ్చింది. ఇన్నాళ్ళూ తాత పేరు పెట్టుకుందట. ఇప్పుడు నా పేరు చెప్పుకుంటానంది. అప్పుడు నా తలుపు నాకు తెరుచుకుంటుంది కదా అంది. ఆ పిల్ల కళ్ళు దించుకునే చెప్పింది, నాకు దానం చేస్తున్నట్టు కనపడకూడదని.

ఆశపడ్డాను. అబద్ధమెందుకు, నోరూరింది. తలుపు మీద వరహాలమ్మ అని మళ్ళీ వెలగడం కళ్ళ ముందు కనిపించింది. కానీ వసారా అంతా తిరిగేది ఈ పిల్ల. రేపు ఈ పిల్లే లోపల పడిపోతే నున్నటి చెయ్యి పెట్టుకుని నేనేం తీస్తాను?

నా పేరు వద్దన్నాను. ఎర్నమ్మ పేరు పెట్టుకో, నూనె చెయ్యి, గీతలు నిగనిగలాడుతుంటాయి, ఏ తలుపైనా తీస్తుందని చెప్పాను. నా ఎర్నమ్మని నా నోటితో నేనే ఆ పిల్లకి ఇచ్చాను. కుసుమ తలూపి వెళ్ళిపోయింది. మర్నాడు నా గడప దగ్గర సొట్ట గిన్నె ఉంది, నిండా పులిహోర. ఇంగువ ఎక్కువైంది. అంతా తినేశాను.

ఆరో కొమ్ము

తోడుచెయ్యిని కాను కాబట్టి ఇక నేను చెప్పనవసరం లేదు. గోడా, నువ్వు విననవసరమూ లేదు. అయినా ఇద్దరికీ వేరే పనేముంది?

కొమ్ము మోగింది. తలుపు బిగుసుకుంది. పిడి జోలికి పోలేదు. గొట్టం చప్పుడు లేకుండా చల్లగా వీస్తోంది. వసారాలో ఇద్దరి అడుగులు. తాత తలుపు, ఆ పక్క తలుపు, ఆ తరవాతది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వారు. ఏమిటో ఎంత విన్నా తెలియలేదు. నా తలుపు అందరికన్నా చివర. కావాలని చివర పెట్టారా, గది చివర ఉంది కాబట్టి చివరొచ్చిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

తట్టారు. ముందు పిలిచింది కుసుమ.

"వరాలప్పా, ఉన్నావా?"

ఉన్నానన్నాను. పోతారనుకున్నాను. ఎర్నమ్మ పోదాం రమ్మంది. ఆ పిల్ల కదల్లేదు. నిన్నటి పులిహోరలో ఇంగువ ఎక్కువైందా అని తలుపు అవతల నించి అడిగింది. ఎక్కువైందని చెప్పి, ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో, చింతపండు ఎలా ఉడికించాలో మొదలుపెట్టాను. ఆ పిల్ల ఊ కొడుతూ అక్కడే నిలబడింది. అవతల ఎర్నమ్మ రెండుసార్లు దగ్గింది. మూడోసారి గట్టిగా దగ్గింది.

కుళ్ళుకుంటోంది కాబోలు. కుళ్ళుకోనీ. పోపు సంగతి ఇంకా చెప్పనేలేదు.